బొమ్మలు చూసే సమయం

జూన్ 3, సోమవారం

మా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల మీద అడిగే ఫారం తెలుగులో రాయడం ఇవాళ పూర్తయింది. ముప్పై రెండు ప్రశ్నలు, రెండు పేజీలు. డాక్టరమ్మ ఇంగ్లీషు ప్రతి చేతికిచ్చి, "పుస్తకాల భాష వద్దు. ఇక్కడికొచ్చే తల్లులు ఇంట్లో మాట్లాడుకునే మాటలు కావాలి. నీకైతే వస్తుంది" అన్నారు. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను. మా ఇంట్లో ఫారం నింపగలిగిన మొదటి మనిషిని నేను. కాగితం చూడగానే వాళ్ళ ముఖాలు ఎలా అవుతాయో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పంతొమ్మిదో ప్రశ్న దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. ఇంగ్లీషులో అది స్క్రీన్ టైమ్. మొదట "మీ బిడ్డ రోజుకు ఎంతసేపు తెర ముందు గడుపుతుంది?" అని రాశాను. మా పిల్లల విభాగంలో పనిచేసే ఆయాకి చదివి వినిపిస్తే, "మా ఇంట్లో తెరలెక్కడివమ్మా, తలుపుకే గడియ లేదు" అంది. పోనీ స్క్రీన్ అందామా అంటే, "అది సినిమా హాల్లో కదా ఉండేది! పసిపిల్లల్ని హాలుకెవరు తీసుకెళ్తారు?" అంది. చివరికి "రోజుకు ఎంతసేపు బొమ్మలు చూస్తుంది? టీవీలో గానీ, ఫోనులో గానీ, ట్యాబులో గానీ" అని మార్చాను. "ఓ, అదా! మా మనవడు తిన్నంతసేపూ చూస్తాడు" అంది వెంటనే.

డాక్టరమ్మ పైపైన చూసి బాగుందన్నారు. ఇంగ్లీషు ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. పేజీలో చోటు చాలలేదు.

జూన్ 4, మంగళవారం

తొమ్మిదిమంది తల్లులు, ఒక తాత. ప్రశ్న నేను చదువుతాను, జవాబు నేనే రాస్తాను. పంతొమ్మిదికి దాదాపు అందరూ అరగంట అంటున్నారు. అరగంట మర్యాదస్తుల లెక్క. అంతకన్నా తక్కువ చెబితే నమ్మరు, ఎక్కువ చెబితే తిడతారు.

జూన్ 6, గురువారం

అన్న లారీ తీసుకుని వెళ్ళి ఎనిమిది రోజులైంది. వదిన ఏడింటికల్లా మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగుకి వెళ్ళి నాలుగింటికి వస్తుంది. వాళ్ళ కూతురు బుడంకాయ పగలంతా అమ్మ దగ్గరే. రెండేళ్ళ పది నెలలు. నా మొదటి జీతంతో కొన్న ట్యాబులో ఇవాళ రంగుల ఆట పదకొండో మెట్టు దాటింది. ఇరవై దాకా ఇంగ్లీషులో లెక్కపెడుతుంది, అదీ ట్యాబులో ఆవిడ గొంతుతోనే. చివర "వెరీ గుడ్!" అని తనకి తానే చెప్పుకుంటుంది. ఆరేళ్ళు వచ్చేదాకా నాకు పలక ఏ వైపు పట్టుకోవాలో తెలియదు.

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ కుట్టుమిషను మెట్ల మలుపులో ఉంది.

"ఇక్కడెందుకు పెట్టావమ్మా?"

"లోపల టకటకలాడుతుంది. పిల్ల చదువుకుంటోంది" అంది గుసగుసగా.

గౌను కొలతలివ్వడానికి వచ్చినావిడ నవ్వింది. "పాలపళ్ళైనా ఊడలేదు, అప్పుడే చదువేంటి పెద్దమ్మా?"

"మేనత్త పోలిక" అంది అమ్మ.

నాకు సంతోషం వేసింది. ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి కదా.

మా ట్యాబులో బొమ్మలు చూడటమనేది లేదు. కార్టూన్లన్నీ మొదటిరోజే తీసేశాను.

జూన్ 9, ఆదివారం

వదినకి సెలవు. బుడంకాయకి తల దువ్వడానికని ట్యాబు తీసి బీరువా మీద పెట్టింది. పిల్ల ఏడవలేదు. వదిన చెయ్యి పట్టుకుని బీరువా దగ్గరికి లాక్కెళ్ళి, ఆ చేతిని పైకి ఎత్తింది. ఒక్క మాట లేదు.

"నీళ్ళు కావాలన్నా ఇంతే. చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాగుతుంది. నేనేమన్నా గరిటెనా దానికి?" అంది వదిన.

"కొందరికి ఆలస్యంగా వస్తాయి వదినా. అన్నయ్యకి మూడేళ్ళు దాటాక వచ్చాయట మాటలు."

"మీ అన్నయ్యకి ఇప్పటికీ రాలేదు."

ఇద్దరం నవ్వాం. తర్వాత వదిన నవ్వు ఆపేసింది. "మీ డాక్టరమ్మకి ఒకసారి చూపిద్దామా?"

"తీసుకెళ్తే ముప్పై రెండు ప్రశ్నలు అడుగుతారు."

"అడగనీ, నాకేం భయం? అయినా అడిగేది నువ్వేగా."

చూద్దాం అన్నాను.

"పోనీ ఆ పలక నాలుగు రోజులు లోపల పెట్టేస్తే?"

"అది టీవీ కాదు వదినా. చదువు."

"సర్లే. చదువుకున్నదానివి, నీకు తెలియంది నాకేం తెలుసు" అని దువ్వెనలో జుట్టు తీసి ఉండ చుట్టింది.

దెప్పిందో, ఒప్పుకుందో తెలియలేదు. ఒప్పుకుందనే అనుకుంటున్నాను.

జూన్ 12, బుధవారం

ఒక తాపీమేస్త్రీ కొడుకుని తీసుకొచ్చాడు. మూడేళ్ళు నిండాయి, మాటలు లేవు. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, గోళ్ళ నిండా సిమెంటు. కుర్చీ మాస్తుందని అంచు మీద కూర్చున్నాడు.

"రోజుకి ఎంతసేపు బొమ్మలు చూస్తాడు?"

"బొమ్మలా? ముట్టడండీ. మా ఇంట్లో టీవీయే లేదు."

"ఫోనులో?"

"ఫోన్లో చదువుకుంటాడండి. ఏబీసీడీలు, జంతువులు, లెక్కలు. పొద్దున లేచింది మొదలు చదువే. అన్నం కూడా చదువుతూనే తింటాడు. నాకెలాగూ రాదు కదండీ, వాడికైనా అబ్బుతుందని."

పిల్లాడు తండ్రి చొక్కా జేబు వైపే చూస్తున్నాడు. ఫోను అందులో ఉంది.

జూన్ 13, గురువారం

నిన్న మేస్త్రీ ఫారంలో సున్నా అని రాశాను. ఆయన చెప్పింది అదే.

జూన్ 17, సోమవారం

డాక్టరమ్మ రెండు వారాల ఫారాలు ముందేసుకుని కూర్చున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"విచిత్రంగా ఉందే అమ్మాయ్. నీ ఫారాల ప్రకారం బొమ్మలు తక్కువ చూసే పిల్లలకే మాటలు తక్కువ. రేపటినుంచి తలా ఒక టీవీ కొనుక్కోమని చీటీ రాసివ్వనా?"

పిల్లలకి మాటలు నేర్పే స్పీచ్ మేడమ్ నవ్వింది. నేనూ నవ్వాను.

"ప్రశ్న సరిగ్గానే అడుగుతున్నావు కదా?"

"ఫారంలో ఉన్నట్టే అడుగుతున్నాను మేడమ్."

జూన్ 18, మంగళవారం

చెప్పలేదు.

జూన్ 20, గురువారం

నాకు సెలవు. మధ్య గదిలో గోడకి ఆనుకుని కూర్చుని, గడియారం పక్కన పెట్టుకుని రాస్తున్నాను.

8.10. అమ్మ ట్యాబు చేతికిచ్చింది. "చదువుకో తల్లీ" అంది.

9.40. పాలు. గ్లాసు నోటి దగ్గర పెట్టింది, పిల్ల చూపు తిప్పకుండా తాగింది. మూతి తుడిచింది. మాట లేదు.

10.15. పక్కింటావిడ వచ్చి "ఏం చేస్తోందే బంగారుకొండ?" అనబోయింది. అమ్మ పెదాల మీద వేలు పెట్టి ఆవిడని మెట్ల మీదికి లాక్కెళ్ళింది. అక్కడ ఎవరి కోడలి గురించో మాట్లాడుకుని పడీ పడీ నవ్వుకున్నారు. బుడంకాయ తల ఎత్తి అటు చూసింది. ట్యాబు "ట్రై అగైన్" అంది. తల దించింది.

11.30. ఏనుగు బొమ్మ వచ్చింది. బుడంకాయ నవ్వి, ట్యాబు ఎత్తి చూపించింది. నాకు కాదు, అటుగా. గోడకి.

12.50. అన్నం. "ఆ పట్టు" అంది అమ్మ, ఆరుసార్లు.

నాలుగు గంటల నలభై నిమిషాలు. ఆ పిల్లతో ఇంట్లో మనుషులు అన్న మాటలు పద్నాలుగు. పద్నాలుగూ అమ్మవే. నావి లేవు. నేను రాసుకుంటున్నాను.

ట్యాబు అన్న మాటలు లెక్కకి అందలేదు. వేలల్లో ఉంటాయి. అందులో ఒక్కటి కూడా ఈ పిల్ల ఏమందో విని అన్నది కాదు.

జూన్ 21, శుక్రవారం

పదో తరగతిలో నేను చదువుకుంటుంటే అమ్మ మిషను బయట పెట్టుకునేది. వాన జల్లు మీద పడుతుంటే గొనె కప్పుకుని కుట్టేది. నాన్న అప్పటికి ఉన్నాడు, ఆయన దగ్గు వస్తే వీధిలోకి వెళ్ళి దగ్గి వచ్చేవాడు. అన్న ఇంట్లోకి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేవాడు. చదువుకునేవాళ్ళని పలకరించకూడదు. ఇది అమ్మ శాసనం. ఆమెకి ఎవరు చెప్పారో తెలియదు. బహుశా ఎవరూ చెప్పి ఉండరు. చదువంటే ఏమిటో ఆమెకి తెలియదు, కానీ దానికి నిశ్శబ్దం కావాలని తెలుసు. తన దగ్గరున్నది అదొక్కటే, దాన్నే ఇచ్చింది.

అంతకన్నా పెద్ద కానుక నాకెవరూ ఇవ్వలేదు. ఇప్పుడు అదే మనవరాలికీ ఇస్తోంది.

ట్యాబు తెచ్చినరోజు "ఏమిటే ఇది?" అని అడిగింది. "చదువమ్మా" అన్నాను.

జూన్ 23, ఆదివారం

మూడో తేదీన ఇక్కడ చోటు చాలలేదని రాశాను. ఇవాళ ఫారం తీసి చూశాను. పంతొమ్మిదో ప్రశ్న కింద రెండు వేళ్ళ చోటు ఉంది.

వదిలేసిన వాక్యం ఇది: "చదువు కోసమైనా, కాలక్షేపానికైనా, అన్నీ కలిపి చెప్పండి."

వంటింట్లో వదిన బుడంకాయ ముందు పళ్ళెం పట్టుకుని కూర్చుంది. "ఆకలి అనవే. ఒక్కసారి. ఆ... క... లి."

"వెరీ గుడ్!" అంది బుడంకాయ.

వదిన పళ్ళెం కింద పెట్టి నా వైపు చూసింది. "రేపు నువ్వు అడుగుతావా, నేనే వచ్చి బయట వరసలో కూర్చోనా?"

జూన్ 24, సోమవారం

రోగుల వేళ మొదలుకాక ముందే డాక్టరమ్మ గదికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. బొమ్మలు చూడటం అని అడిగాను కాబట్టి చదువు ఆటలు ఎవరూ చెప్పలేదని, చెప్పినవాళ్ళవి కూడా నేను రాయలేదని, కింది వాక్యం నేనే తీసేశానని.

"మర్చిపోయావా?"

మర్చిపోయానంటే సరిపోయేది. ఆవిడే అందించారు ఆ మాట.

"లేదు మేడమ్. మా ఇంట్లో మా మేనకోడలికి ట్యాబు నేనే కొనిచ్చాను. అది ఈ లెక్కలోకి రాకూడదనుకున్నాను."

ఆవిడ కలం మూత పెట్టారు, తీశారు.

"ఎన్ని ఫారాలు?"

"నూట ఇరవై ఆరు."

"అందరికీ ఫోన్ చేసి మళ్ళీ అడుగు. తప్పు మాదే అని చెప్పి మరీ అడుగు. వాళ్ళు అబద్ధం చెప్పారన్నట్టు ఉండకూడదు."

"ఒక్క మాట మేడమ్. చదువు ఆటలు నిజంగా కలపాల్సిందేనా? అవి మంచివే కదా."

"మంచివే కావచ్చు. అన్నం మంచిది కాదూ? అయినా ఎంత తిన్నాడని అడుగుతాం కదా." ఫారాల కట్ట నా వైపు జరిపారు. "మంచివో చెడ్డవో తేల్చడానికే కదమ్మా లెక్క. ముందే మంచివని పక్కన పెట్టేస్తే ఇంక తేల్చేదేముంది? ఇంతకీ మీ పాప ఆడుకునేటప్పుడు పక్కన ఎవరు కూర్చుంటారు?"

ఎవరూ కూర్చోరు అన్నాను.

"ఆ ప్రశ్న కూడా చేర్చు. నువ్వే రాయి" అన్నారు.

ఉద్యోగం ఉన్నట్టే ఉంది. ఆవిడ నన్ను ఇవాళ మళ్ళీ అమ్మాయ్ అనలేదు.

జూన్ 26, బుధవారం

నలభై మూడు ఫోన్లు అయ్యాయి. అరగంటలు మూడు గంటలవుతున్నాయి. ఒకావిడ "అప్పుడు చదువు లెక్కలోకి రాదన్నారుగా, ఇప్పుడెందుకు?" అని ఫోను పెట్టేసింది. ఒక తాత తనకే లెక్క తెలియదని కోడలికిచ్చాడు, కోడలు మళ్ళీ తాతకిచ్చింది.

తాపీమేస్త్రీ పని మీద ఉన్నాడు, వెనక ఇటుకలు దించుతున్న చప్పుడు.

"అన్నీ కలిపితే... ఏడెనిమిది గంటలుంటుందండి. అయితే చదువు ఆపించేయమంటారా?"

"ఆపమని నేను చెప్పలేనండీ, అది డాక్టరమ్మ చెప్తారు. వాడు ఆడుతున్నప్పుడు పక్కన ఎవరైనా కూర్చుంటారా?"

"కూర్చుని ఏం చెయ్యనమ్మా? నాకు అక్షరమ్ముక్క రాదు. వాడికి అడ్డం తప్ప."

ఫారంలో "లేదు" అని రాశాను. రాసి కూడా ఫోను పెట్టలేకపోయాను.

"మీరేం నేర్పక్కర్లేదు. మాట్లాడండి చాలు."

"ఏం మాట్లాడాలండి వాడితో?"

"ఇవాళ ఏం కట్టారు?"

"పిట్టగోడండి."

"అదే చెప్పండి."

"పిట్టగోడ గురించా?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నానని అనుకున్నట్టున్నాడు.

జూన్ 28, శుక్రవారం

వదిన సెలవు పెట్టి బుడంకాయని తీసుకొచ్చింది. సొంతవాళ్ళ ఫారం నేను నింపకూడదు కనుక స్పీచ్ మేడమ్ అడిగింది, నేను వదిన పక్కన కుర్చీలో కూర్చున్నాను. బల్లకి ఇటువైపు నుంచి ఆ గది చిన్నగా ఉంటుంది.

పంతొమ్మిది వచ్చింది. వదిన పగలు ఇంట్లో ఉండదు కనుక నా వైపు చూసింది.

"అన్నీ కలిపి ఆరు గంటలు" అన్నాను.

వదిన తల నా వైపు తిరిగింది. ఆరు అన్నది ఆమెకి తెలియదు. ఎవరూ చెప్పలేదు.

"పక్కన ఎవరైనా?" అని అడిగింది స్పీచ్ మేడమ్.

"లేరు. మేమే దూరంగా ఉంటాం. చదువుకుంటోందని."

వినికిడి బాగానే ఉంది. మాట ఆలస్యమైంది, దానికి కారణం ఇదొక్కటే అని ఎవరూ చెప్పలేరు, ఇది కాదని కూడా చెప్పలేరు అన్నారు డాక్టరమ్మ. వారానికి రెండుసార్లు రావాలి. ఇంట్లో ఎదురుగా కూర్చుని మాట్లాడాలి, జవాబు వచ్చినా రాకపోయినా.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో వదిన కిటికీ వైపు కూర్చుంది. దిగాక అంది: "తెలియక చేశావంటే ఊరుకుంటాను. నేను అడిగినప్పుడైనా చెప్పాల్సింది."

అవును అన్నాను.

జూలై 2, మంగళవారం

డాక్టరమ్మ చెప్పింది అమ్మకి చెప్పాం. అమ్మ అన్నీ వింది. మర్నాడు మళ్ళీ మిషను మెట్ల మలుపులోనే ఉంది.

ఇవాళ ఆసుపత్రి నుంచి త్వరగా వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"పిల్లతో మాట్లాడమన్నారు కదమ్మా."

"మాట్లాడుతున్నా. చదువు అయ్యాక."

"అది చదువు కాదమ్మా."

మిషను ఆపింది. "నువ్వేగా అన్నావు చదువని?"

"నేనే అన్నాను. తప్పుగా అన్నాను. అది ఆట. మంచి ఆటే, కానీ ఆటే. ఆడుకునే పిల్లని పలకరించవచ్చు."

అమ్మ సూది కింద గుడ్డ తీసి చూసింది. కుట్టు వంకర పోలేదు, అయినా చూసింది.

"అయితే దానికి మాట రాకపోవడం నా వల్లనా?"

ఫోన్లో దొరికిన వాళ్ళందరికీ ఒకే మాట చెబుతున్నాను, తప్పు మాదే అని. అమ్మకి అది చాలదు.

"నాకు చేసిందే దానికీ చేశావు. నాకు పనికొచ్చింది. దానికి ఇంకా ఆ వయసు రాలేదు. నేను చెప్పాల్సింది, చెప్పలేదు."

"ఏం మాట్లాడాలే దానితో? నాకు కథలు రావు, పాటలు రావు. నాకొచ్చింది కుట్టుపని."

ట్యాబు రోజుకి గంట, ఎవరో ఒకరి ఒళ్ళో కూర్చుని. అలా అనుకున్నాం. అమ్మ తల ఊపింది. ఒప్పుకుందో, దెప్పిందో తెలియలేదు. ఈసారి ఏదీ అనుకోవడం లేదు.

జూలై 5, శుక్రవారం

నూట ఇరవై ఆరు ఫోన్లూ చేయడం పూర్తి. పదకొండుమంది దొరకలేదు. వాళ్ళ గడి ఖాళీగానే ఉంచాను.

జూలై 8, సోమవారం

ఉదయం ఆరున్నర. మిషను లోపలికి వచ్చింది. అమ్మ ఒక గౌను నేల మీద పరిచి కొలతలు సరిచూస్తోంది. బుడంకాయ గుడ్డముక్కల మధ్య కూర్చుంది. అమ్మ ఎవరితోనో పంతం పట్టినట్టు గట్టిగా మాట్లాడుతోంది.

"ఇది ఆ లావుపాటావిడది. చెయ్యి పొడుగు తొమ్మిది. మెడ ఏడు. భుజం చూడు, పదిహేను. పదిహేనుంటే దూరుతుందా ఆవిడ, నువ్వు చెప్పు? దూరదు. కుట్టాక నన్నే అంటుంది, బిగుతుగా కుట్టావని. ఎంత పెడదామే?"

"సిక్స్‌టీన్" అంది బుడంకాయ.

అమ్మ చెయ్యి టేపు మీద ఆగింది.

పదిహేను తర్వాత పదహారు వస్తుందని చెప్పిందో, టేపు మీద అంకె చూసి చెప్పిందో, ఊరికే అందో నేను చెప్పలేను. ఇంగ్లీషు అంకె ట్యాబు నేర్పిందే. అమ్మ వైపు చూసి అంది. ఇది మాత్రం నేను చూశాను.

"పదహారా? మరీ అంత లావేం కాదులేవే ఆవిడ."

"సిక్స్‌టీన్."

"పదిహేనున్నర చేద్దాం."

"సిక్స్‌టీన్!"

"అబ్బో, ఏం పెంకిదానివే! సరే, నీ మాటే కానీ. చెడిపోతే ఆవిడకి నువ్వే జవాబు చెప్పాలి, నాకు తెలియదు" అని అమ్మ సుద్దముక్కతో గీత గీసింది.

వదిన సంచీ భుజాన వేసుకుని గడపలో నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. ఫ్యాక్టరీ బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. వదిన కదల్లేదు. బస్సు వెళ్ళిపోతోందని నేనూ అనలేదు.